లేత్ స్పిండిల్ అరిగితే: గ్రైండింగా, కొత్త బుష్షా, క్రోమా, కొత్త స్పిండిలా?

ఆటోనగర్‌లో లేత్ స్పిండిల్, అంటే చక్‌ని పట్టుకుని జాబ్‌ని తిప్పే బోలు షాఫ్ట్, లూజైందని నోరు జారితే చాలు, పక్క షెడ్డు నుంచి ఒకే సలహా వస్తుంది: "క్రాంక్ గ్రైండింగ్‌కి ఇచ్చెయ్యండి గురువుగారూ, సాయంత్రానికి చేతికొస్తుంది." లారీల ఊరు. క్రాంక్ షాఫ్ట్ పట్టే గ్రైండర్లకీ, ఆ పని తెలిసిన చేతులకీ బెజవాడలో కొదవ లేదు. గుంటూరులోనూ దొరుకుతారు. దగ్గర్లో ఉన్నదీ, చవకైనదీ ముందు గుర్తుకు రావడం సహజమే.

కొన్ని లేత్‌లకు అది నిజంగానే సరైన సలహా. మరికొన్నిటికి అదే సలహా బాగుచెయ్యగలిగిన స్పిండిల్‌ని తుక్కు సామాను చేస్తుంది. మీది ఏ రకమో తెలియాలంటే, స్పిండిల్ ఎంత అరిగిందో కొలిచే కంటే ముందు అది దేని మీద తిరుగుతోందో చూడాలి.

బుష్ మిషనా, బేరింగ్ మిషనా

బెల్టుతో నడిచే కోన్ పుల్లీ లేత్‌లు, బటాలా, లూధియానా, రాజ్‌కోట్ వైపు నుంచి వచ్చిన పాత ఆరడుగుల, ఎనిమిదడుగుల మిషన్లు చాలావరకు బుష్ మీద, అంటే స్పిండిల్ చుట్టూ ఉండే మెత్తటి లోహపు తొడుగు మీద, తిరుగుతాయి. గన్‌మెటల్ బుష్ కావచ్చు, వైట్‌మెటల్ పోత కావచ్చు. ఇంగ్లండు మైఫోర్డ్ ఎంఎల్7 వైట్‌మెటల్ మీద తిరిగేదే. అమెరికా సౌత్ బెండ్ పాత చిన్న లేత్‌లలో కొన్నిటికి బుష్ కూడా ఉండదు, స్పిండిల్ నేరుగా హెడ్‌స్టాక్ (స్పిండిల్‌ని మోసే పెట్టె) పోత ఇనుములోనే తిరుగుతుంది. ఆల్ గేర్ మిషన్ల సంగతి వేరు. హెచ్‌ఎంటీ ఎల్‌బీ17, ఎన్‌హెచ్22, ఎన్‌హెచ్26 లాంటివాటిలో రోలర్ బేరింగులుంటాయి.

మీ మిషన్ పేరు చెరిగిపోయి, రంగు మీద రంగు పడి ఏమిటో తెలియకపోతే హెడ్‌స్టాక్ పైన చూడండి. రెండు చివర్లా బోల్టులతో బిగించిన క్యాపులూ, వాటి నెత్తిన ఆయిల్ కప్పులూ ఉంటే బుష్. గేర్లన్నీ మూతపెట్టిన పెట్టెలో ఆయిల్‌లో మునిగి, పక్కన ఆయిల్ మట్టం చూసే అద్దం ఉంటే దాదాపు బేరింగే.

ఈ తేడా ఎందుకింత ముఖ్యమంటే, బుష్ మిషన్‌లో స్పిండిల్ సైజు ఎంతైనా ఫరవాలేదు. 50 మిల్లీమీటర్లది 49.75కి దిగితే, 49.75కి సరిపడే బుష్ చేయించుకుంటాం. లారీ క్రాంక్‌కి అండర్‌సైజ్ బేరింగ్ వేసే లెక్కే ఇది. రోలర్ బేరింగ్ లోపలి రంధ్రం మాత్రం ఫ్యాక్టరీలో ఖాయమై వస్తుంది. 70 అంటే 70. బేరింగ్ కూర్చునే చోటు, అదే సీటు, అరిగిందని దాన్ని 69.75కి గ్రైండ్ చేయిస్తే ఇక దానికి బేరింగ్ ఎక్కడా దొరకదు. చెప్పు కరిచిందని కాలు కోసుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. అలాంటి సీటుకి కావలసింది పోయిన లోహాన్ని తిరిగి ఎక్కించడం.

విప్పక ముందు డయల్ పెట్టండి

స్పిండిల్ పోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి స్పిండిల్‌తో సంబంధం ఉండదు. జాబ్ ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా వస్తోందంటే అది హెడ్‌స్టాక్ లైనో, టెయిల్‌స్టాక్ సెంటరో, చక్ దగ్గర అరిగిపోయిన బెడ్డో (టూల్ జరిగే పట్టాలు). జాబ్ గుండ్రంగా రాక మూడు పలకలుగానో కోడిగుడ్డు ఆకారంగానో వస్తుంటే అప్పుడు స్పిండిల్‌నీ బేరింగునీ అనుమానించాలి. ఫేస్ కొట్టినప్పుడు గీతలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడుతుంటే స్పిండిల్ ముందుకీ వెనక్కీ ఆడుతోంది. దానికి వెనకున్న థ్రస్ట్ నట్ చూడాలి, స్పిండిల్ విప్పనక్కర్లేదు.

0.01 మిల్లీమీటరు తేడా చూపే డయల్ గేజి ఒకటీ, మ్యాగ్నెట్ బేస్ ఒకటీ ఉంటే నిజం తేలిపోతుంది. ఇక్కడి నుంచి విడిగా ఇచ్చిన కొలతలన్నీ మిల్లీమీటర్లే. బేస్‌ని హెడ్‌స్టాక్ మీదే పెట్టండి. డయల్ ముల్లుని చక్ మీద కాకుండా స్పిండిల్ ముక్కు మీద, చక్ ప్లేటు కూర్చునే ఆ శుభ్రమైన కాలర్ మీద ఆనించండి. చక్ మీద పెడితే చక్ తప్పులన్నీ స్పిండిల్ ఖాతాలో పడతాయి. చేత్తో తిప్పితే కాలర్ మీద 0.01 దాటకూడదు. తర్వాత చక్‌లో బారెడు రాడ్డు పట్టించి, చివర పట్టుకుని పైకి ఎత్తండి. 35 కిలోల బలం పడేలా ఎత్తితే, 50 మిల్లీమీటర్ల బుష్ మిషన్‌లో డయల్ 0.02 నుంచి 0.03 వరకు లేవడం మామూలే, అది ఆయిల్ పొరకి కావలసిన సందు. 0.06, 0.08 లేస్తే లూజు. రోలర్ బేరింగ్ మిషన్‌లో అయితే 0.01 దాటినా ఆలోచించాలి.

స్పిండిల్ ముక్కు లోపల సెంటర్ కూర్చునే టేపర్‌ని గుడ్డతో తుడిచి టెస్ట్ బార్ (కచ్చితంగా గ్రైండ్ చేసిన పరీక్ష రాడ్డు) పెట్టండి. ముక్కు దగ్గర 0.01, 300 మిల్లీమీటర్ల దూరంలో 0.02 లోపు ఉంటే కొత్త మిషన్‌కి పెట్టే పరీక్షే పాసైనట్టు. ముక్కు దగ్గర బాగుండి దూరంలో మాత్రం ఎక్కువ తిరుగుతుంటే టేపర్‌లో దెబ్బ ఉందో, మురికి ఉందో చూసుకోండి. చాలాసార్లు మురికే ఉంటుంది.

ఈ పరీక్షలన్నీ అయ్యాక బెడ్ కూడా ఒకసారి చూడండి. చక్ దగ్గర అడుగు దూరం మేర బెడ్ లోతుగా అరిగిపోయిన మిషన్‌కి స్పిండిల్ మీద వేలు పోసినా జాబ్ నాణ్యత మారదు. బెడ్ గ్రైండింగ్ మన క్రాంక్ షాపుల పని కాదు, దానికి పెద్ద స్లైడ్‌వే గ్రైండర్ ఉన్న చోటికి లారీలో పంపాలి. ఆ ఖర్చు పెట్టే ఉద్దేశం లేకపోతే స్పిండిల్‌కి కూడా చవకైన రిపేరే చాలు. నా లెక్కలో ఇది మొదటి నిర్ణయం, మిగతావి దీని తర్వాతే.

బుష్ మిషన్: మెత్తదాన్ని మార్చండి

బుష్ మిషన్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వాళ్ల రిపేరు బెజవాడ దాటక్కర్లేదు. కొన్నిసార్లు షెడ్డు కూడా దాటక్కర్లేదు.

క్యాప్ కింద పల్చటి ఇత్తడి రేకులు ఉన్నాయేమో చూడండి. ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన షిమ్‌లవి, అరిగేకొద్దీ తీసేందుకే ఉంటాయి. రెండు వైపులా సమానంగా ఒక్కో పల్చటి రేకు తీసి, క్యాప్ బిగించి, చేత్తో తిప్పి, మళ్లీ డయల్ పెట్టాలి. కొన్నిట్లో బుష్ బయటివైపు టేపరుగా ఉండి, నట్ తిప్పితే లోపలికి లాగబడి బిగుసుకుంటుంది. ఖర్చు లేని ఈ పని చెయ్యకుండా నేరుగా స్పిండిల్ ఊడదీసేవాళ్లని చూస్తే చిరాకేస్తుంది.

ఆయిల్ సంగతి ఇక్కడే చెప్పాలి. లారీ ఇంజన్‌లోకి తెచ్చిన 20డబ్ల్యూ40 మిగిలిందని ఆయిల్ కప్పులో పోసెయ్యడం మన షాపుల్లో అలవాటు. వత్తి ద్వారా ఆయిల్ పీల్చుకునే పాత మిషన్లకు అది మరీ చిక్కన. వత్తి ఎక్కనే ఎక్కదు, ఎక్కినా ఇరుకు సందులో వేడి పుట్టిస్తుంది. అలాంటి మిషన్‌కి వీజీ 22 గానీ 32 గానీ స్పిండిల్ ఆయిల్ వెయ్యాలి. బుష్ పట్టేసిందని వచ్చే కేసుల్లో ఆయిల్ రంధ్రం గ్రీజుతో మూసుకుపోయినవి ఎన్నో. వేసవిలో గ్రీజు కొట్టడం సులువని ఎవరో నిపుల్ బిగించి ఉంటారు.

షిమ్‌లు తీసినా లూజు పోకపోతే స్పిండిల్ బయటికి తీసి మైక్రోమీటర్ పట్టండి. ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు. ముందు జర్నల్ (స్పిండిల్ మీద బుష్‌లో తిరిగే భాగం) మీద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవాలి. కొలతల మధ్య తేడా 0.01 లోపు ఉండి, గోరుకి గీతలు తగలకపోతే స్పిండిల్ బాగానే ఉన్నట్టు. పాలిష్ పట్టించి, దాని సైజుకి కొత్త బుష్ వెయ్యండి, గ్రైండింగ్ వద్దు. అరగాల్సింది బుష్, స్పిండిల్ కాదు అన్న లెక్క మీదే ఈ మిషన్లు తయారయ్యాయి. మెత్తటి భాగం చవక, మళ్లీ మళ్లీ చేసుకోవచ్చు. గట్టి భాగం నుంచి తీసిన ప్రతి పొరా తిరిగి రాదు.

అలాగని స్పిండిల్ ఎప్పుడూ అరగదని కాదు. మెత్తటి బుష్‌లో ఇసుక రేణువులూ, ఎమరీ పేపరు పొడీ గుచ్చుకుని ఉండిపోతాయి. అప్పుడు బుష్షే ఆకురాయిలా మారి గట్టి స్పిండిల్‌ని కోస్తుంది. చక్ పక్కనే రోజూ ఎమరీ పట్టే షాపుల్లో జర్నల్ మీద పల్లాలు పడేది ఇందుకే. తేడా 0.02, 0.03 దాటినా, గీతలు గోరుకి తగిలినా అప్పుడు గ్రైండింగ్ ఆలోచన చెయ్యాలి. అంతకుముందు ఆకురాయి పరీక్ష ఒకటి చెయ్యండి. పని చెయ్యని చోట చిన్న గీత గియ్యండి. ఆకురాయి జారిపోతే స్పిండిల్ పైన గట్టి పొర ఉన్నట్టు. ఆ పొర లోతు సుమారుగా 1 మిల్లీమీటరు ఉంటుందనుకోండి. వ్యాసంలో 0.25 తీస్తే ఒక్కో వైపు 0.125 పోతుంది, ఇబ్బంది లేదు. ఇదివరకే రెండు మూడుసార్లు గ్రైండ్ చేసిన స్పిండిల్ అయితే పొర దగ్గర పడి ఉంటుంది, చివరిసారి చేసినవాళ్లని అడిగి తెలుసుకోవాలి. ఆకురాయి పట్టుకుని గీత పడితే ఆ స్పిండిల్‌కి మొదటి నుంచీ గట్టిపోత (హార్డెనింగ్) లేదు, చవక మిషన్లలో అది మామూలే. అలాంటిదాన్ని నిశ్చింతగా గ్రైండ్ చేయించుకోవచ్చు.

ఇక బుష్ లోహం. మన దగ్గర గన్‌మెటల్ అనే మాట కింద పది రకాలు అమ్ముతారు. ఫాస్ఫర్ బ్రాంజ్ గట్టిది, ఎక్కువ కాలం వస్తుంది, కానీ తన మీద తిరిగే స్పిండిల్ కూడా గట్టిగా ఉండాలని కోరుతుంది. గట్టిపోత లేని స్పిండిల్‌కి అది వేస్తే రెండేళ్లలో బుష్ కొత్తగానే ఉంటుంది, స్పిండిల్ పోతుంది. అలాంటిదానికి సీసం కలిసిన గన్‌మెటల్, ఎల్‌జీ2 అని అడిగితే ఇస్తారు, అదే మేలు. మెత్తగా ఉంటుంది, ఆయిల్ తక్కువైన క్షణంలో కూడా కాస్త ఓర్చుకుంటుంది. పాత కొళాయిలూ ఇత్తడి సామానూ కరిగించి పోసిన ముక్క మాత్రం తీసుకోవద్దు, లోపల బొరియలుంటాయి. కాస్త ఖరీదైనా కంటిన్యూయస్ కాస్టింగ్ రాడ్డు ముక్క కొనండి. వైట్‌మెటల్ మిషన్ అయితే మళ్లీ వైట్‌మెటలే పోయించడం తేలిక. స్పిండిల్‌కి అది చాలా సాధువు. ఆ పోత పోసి స్క్రేపింగ్ చేసే పెద్ద మేస్త్రీలు తగ్గిపోతున్నారు, దొరికితే వదలకండి.

బుష్‌ని స్పిండిల్ కంటే ఎంత పెద్దగా బోరు కొట్టాలన్నది ఇంకో వాదన. బిగుతుగా ఉంటే మంచిదని కొందరు 0.01 సందు మాత్రమే ఉంచుతారు. తిరుగుతున్నప్పుడు స్పిండిల్ హెడ్‌స్టాక్ కంటే ఎక్కువ వేడెక్కుతుంది. 50 మిల్లీమీటర్ల ఉక్కు 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.0115 పెరుగుతుంది. ఉంచిన సందంతా అక్కడే అయిపోతుంది, మే నెలలో రేకుల షెడ్డులో మధ్యాహ్నానికల్లా బుష్ పట్టేస్తుంది. 50 సైజుకి 0.03 దగ్గర ఉంచి, నీలం రంగు పూసి స్క్రేపింగ్‌తో మచ్చలు సమానంగా తెప్పించుకుంటే చాలు.

బుష్ తీసేసి రోలర్ బేరింగులు పెట్టించుకోవడం అనే ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. హెడ్‌స్టాక్‌ని పెద్దగా బోరు కొట్టాలి. ఆ బోరు బెడ్‌తో సమాంతరంగా రావాలి, గోడలు పల్చబడతాయి. ఇంత చేశాక ఫినిషింగ్ పాత బుష్ కంటే మెరుగ్గా ఉంటుందన్న నమ్మకమూ లేదు. బాగా అమర్చిన బుష్ మీద వచ్చే నునుపు మామూలు రకం రోలర్ మీద రాదు. నేనైతే వద్దంటాను.

ఎవరి గ్రైండర్ మీద పట్టించాలి

గ్రైండింగ్ తప్పదని తేలాక క్రాంక్ షాపా, సిలిండ్రికల్ గ్రైండర్ ఉన్న టూల్ రూమా అన్న ప్రశ్న వస్తుంది. క్రాంక్ షాపు చెయ్యి తక్కువదేం కాదు. కానీ క్రాంక్‌ని రెండు చివర్లా చక్‌లలో పట్టి తిప్పుతారు, ఆ చక్‌ల ఔట్, అంటే కేంద్రం తప్పి ఊగడం, జర్నల్ మీదికి వస్తుంది. ఇంజన్‌కి అది ఫరవాలేదు. లేత్ స్పిండిల్ గుండ్రం 0.005 లోపు ఉండాలి, ఎందుకంటే దాని తప్పు రేపు మీరు చేసే ప్రతి జాబ్ మీదా ముద్ర పడుతుంది. కాబట్టి కదలని సెంటర్ల మధ్య పెట్టి పట్టమనండి. కుదరదంటే ఇంకో షాపు చూసుకోండి.

సెంటర్ల మధ్య పట్టాలంటే స్పిండిల్ బోలుగా ఉంటుందిగా, రెండు చివర్లా సెంటర్ రంధ్రంతో ప్లగ్గులు కావాలి. ముందు వైపు ప్లగ్గు మోర్స్ టేపర్‌లో కూర్చోవాలి, వెనక వైపుది బోరులో బిగుతుగా ఉండాలి. ఈ ప్లగ్గులు సరిగ్గా లేకపోతే జర్నల్ అద్దంలా గుండ్రంగా వస్తుంది, కానీ టేపర్‌తో ఏకకేంద్రంగా ఉండదు. ప్లగ్గులు పెట్టాక అరగని చోట, ఉదాహరణకి గేరు కూర్చునే కాలర్ మీద, డయల్ పెట్టి 0.01 లోపు తిరుగుతోందని మీ ఎదురుగా చూపించమని అడగండి. ఈ ఒక్క మాట అడిగితే మీకు పని తెలుసని వాళ్లకీ, వాళ్లకి పని తెలుసో లేదో మీకూ అర్థమైపోతుంది.

గ్రైండింగ్‌కి ఇచ్చేముందు పగుళ్లు బయటపెట్టే ఎర్ర రంగు స్ప్రే, అదే డై పెనిట్రెంట్, ముక్కు థ్రెడ్ మూలలోనూ కీవే మూలల్లోనూ కొట్టి చూడండి. సన్నటి పగులు కనిపిస్తే ఆ స్పిండిల్ మీద ఇంక పైసా పెట్టకూడదు.

బేరింగ్ మిషన్: సీటు కాపాడుకోవాలి

ఇక్కడా ముందు ఖర్చు లేని పనే. వెనక నట్ కాస్త బిగించి, గంటసేపు పై స్పీడులో తిప్పి, హెడ్‌స్టాక్ మీద చెయ్యి ఆన్చి ఉంచగలుగుతున్నారా చూడండి. చెయ్యి నిలవకపోతే ఎక్కువ బిగించారు. జనవరిలో చలి పొద్దున సెట్ చేసిన నట్ మేలో మళ్లీ ఒకసారి చూసుకోవడం మంచిది.

దాంతో పోకపోతే బేరింగులు మార్చాలి. షాపులో చాలామంది పట్టించుకోని విషయం క్లాసు, అంటే బేరింగ్ ఎంత కచ్చితంగా తయారైందో చెప్పే తరగతి. బేరింగ్ మీద నంబరు ఒకటే ఉన్నా, మామూలు క్లాసుకీ పీ5కీ మధ్య చాలా తేడా ఉంది. 50 నుంచి 80 మిల్లీమీటర్ల టేపర్ రోలర్ లోపలి రింగ్ తిరిగేటప్పుడు మామూలు క్లాసులో 25 మైక్రాన్ల (0.025) వరకు ఔట్ ఉండొచ్చు, పీ5లో 7 మైక్రాన్లే. లారీ హబ్‌లో వేసే బేరింగ్ మామూలు క్లాసు, షాపులో ముందు మీ చేతికొచ్చేది దాని డబ్బానే. బ్రేక్ డ్రమ్ములు, పంపు బుష్‌లు, రైస్ మిల్లు షాఫ్టులు చేసే మిషన్‌కి నిజానికి అది కూడా నడుస్తుంది. బేరింగ్ ఫిట్టింగులు, గేజులు, హైడ్రాలిక్ రాడ్లు చేసేవాళ్లు మాత్రం ముందు వైపు పీ5 తెప్పించుకోవాలి. వెనక వైపు ఒక మెట్టు తక్కువ వేసినా నష్టం లేదు, ముక్కు దగ్గర కనిపించే ఔట్‌లో ఎక్కువ భాగం ముందు బేరింగుదే. హెచ్‌ఎంటీ తరహా మిషన్లలో ముందు ఎన్‌ఎన్30 కే వరస రెండు వరసల రోలర్ బేరింగ్ ఉంటే దాని లోపలి రంధ్రం 1:12 టేపరు. దాన్ని ఎంత పైకి నెడితే అంత బిగుస్తుంది. సుత్తితో దిగగొట్టే మెకానిక్ చేతికి దాన్ని ఇవ్వొద్దు.

పాత బేరింగ్ లాగగానే చేతికి ఊడొచ్చిందంటే సీటు అరిగింది. ఇప్పుడు అసలు ఎంపిక.

సెంటర్ పంచ్‌తో సీటు చుట్టూ గుంటలు కొట్టి బేరింగ్ బిగించే పద్ధతి రోజూ చూస్తుంటాం. నూనె మిల్లు షాఫ్టు మీద అది ఆ సీజను గడిపేస్తుంది. లేత్ స్పిండిల్ మీద బేరింగ్ ఆ గుంటల అంచుల మీద నిలబడుతుంది, నెల తిరక్కుండా అవి అణిగిపోతాయి. కూల్ డ్రింకు డబ్బా రేకు చుట్టడం కూడా ఇలాంటిదే. లాక్‌టైట్ లాంటి బేరింగ్ బంధనం వాటికంటే మర్యాదైన పద్ధతి. 638 రకం 0.25 వరకు సందు నింపుతుందని కంపెనీ చెబుతుంది. కానీ సందు 0.04 ఉంటే రింగ్ ఒక వైపుకి జరిగి ఆరిపోవచ్చు, అప్పుడు కేంద్రం 0.02 తప్పుతుంది, డయల్ మీద 0.04 ఔట్ కనిపిస్తుంది. వెనక సీటుకి, 0.02 లోపు సందుకి దాన్ని ఒప్పుకుంటాను. ముందు సీటుకి ఒప్పుకోను. ఇంకో మాట, టేపర్ రోలర్ జతలో వెనక కోన్ నట్ నెట్టినప్పుడు జరగాలి, దాన్ని అతికించేస్తే రేపు బిగింపు సెట్ చెయ్యలేరు.

ముందు సీటుకి హార్డ్ క్రోమే, అంటే ప్లేటింగ్‌తో గట్టి క్రోమ్ పొర ఎక్కించడమే, సరైన దారి. ముందు సీటుని గుండ్రం వచ్చేవరకు కాస్త తగ్గించి, క్రోమ్ ఎక్కించి, మళ్లీ సైజుకి గ్రైండ్ చేస్తారు. 70 సీటుకి మామూలుగా 0.002 నుంచి 0.015 ఎక్కువ ఉండేలా పట్టమనాలి, అప్పుడే రింగ్ బిగుతుగా కూర్చుంటుంది. క్రోమ్ పొర పల్చగా ఉన్నంతసేపు బంగారం. ఒక్కో వైపు 0.25 దాటితే అంచులు పెచ్చులు లేచే భయం ఉంది. గట్టిపోత ఉన్న స్పిండిల్ అయితే క్రోమ్ అవగానే, నాలుగు గంటలు దాటకుండా, 190 నుంచి 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఓవెన్‌లో ఉంచాలి. లేకపోతే ప్లేటింగ్‌లో ఉక్కులోకి దూరిన హైడ్రోజన్ దాన్ని పెళుసుగా మారుస్తుంది. ఓవెన్ ఉందా అని అడగండి. ఎందుకండీ అని ఎదురు అడిగే చోట స్పిండిల్ దించొద్దు. థ్రెడ్లకీ కీవేలకీ మైనం గానీ టేపు గానీ వేసి కప్పించాలి. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు ప్లేటింగూ గ్రైండింగూ ఒకే వీధిలో దొరకడం సౌకర్యం. పంపేటప్పుడు స్పిండిల్‌ని చెక్క పెట్టెలో వీ ఆకారం దిమ్మెల మీద కూర్చోబెట్టి కట్టాలి. పార్సిల్ లారీలో గోనెపట్టా చుట్టి పంపిన స్పిండిల్ ముక్కు దెబ్బ తినకుండా తిరిగి రావడం అదృష్టం.

మెటల్ స్ప్రే క్రోమ్ కంటే మందంగా, 1 మిల్లీమీటరు దాకా కూడా ఎక్కుతుంది, వేడి తక్కువ. ఆ పొర ఉక్కుతో కరిగి కలవదు, గరుకు మీద పట్టుకుని ఉంటుంది. సీటు మరీ లోతుగా పోయినప్పుడు, మధ్యలో, అంచుకి దూరంగా అయితే పనికొస్తుంది. థ్రెడ్ మీద, కీవే అంచు మీద వద్దు. వెల్డింగ్ నింపడం గురించి ఎక్కువ చెప్పను: స్పిండిల్ వంగుతుంది, మీడియం కార్బన్ ఉక్కు అయితే పక్కనే పగుళ్లు పుడతాయి. చౌకగా వచ్చిందనుకుని చేసిన వెల్డింగ్ చివరికి కొత్త స్పిండిల్ ఖర్చుకి దారితీస్తుంది.

కొలతల గురించి ఒక హెచ్చరిక. గ్రైండర్ మీద నుంచి తీసిన వెచ్చటి స్పిండిల్‌ని వెంటనే కొలవకండి. 60 మిల్లీమీటర్ల షాఫ్ట్ 20 డిగ్రీలు వెచ్చగా ఉంటే దాదాపు 0.014 పెద్దగా కనిపిస్తుంది, మీరు వేసుకున్న ఫిట్ మొత్తం అందులో మాయమవుతుంది. స్పిండిల్, బేరింగ్, మైక్రోమీటర్ మూడింటినీ ఒకే గదిలో రాత్రంతా ఉంచి పొద్దున కొలవండి.

ముక్కూ, టేపరూ చివరే

టేపర్‌లో గీతలుంటే చాలామంది మొదట దాన్నే సరిచేయిస్తారు. అది చివరి పని. బేరింగులు సెట్ అయ్యాక, స్పిండిల్ దాని సొంత బేరింగుల మీద తిరుగుతుండగా టూల్ పోస్ట్ మీద చిన్న గ్రైండర్ బిగించి లోపల పట్టాలి. మోర్స్ 5 అయితే కోణం 1:19.002, మోర్స్ 4కి 1:19.254, తేడా చిన్నదే కానీ ప్లగ్ గేజ్‌కి నీలం రాసి చూసుకోకపోతే సెంటర్ ఒక చివరే ఆనుతుంది. చిన్న చిన్న గీతలకి గ్రైండింగ్ అక్కర్లేదు, పైకి లేచిన గరుకుని చేతి రీమర్‌తో తీస్తే చాలు, లోతు గీత సెంటర్ కూర్చోవడాన్ని చెడగొట్టదు. తర్వాత చక్ ప్లేటుకి ఒక సన్నటి కోత పట్టుకుంటే చక్ కూడా లైనులోకి వస్తుంది.

కొత్త స్పిండిలా, తుక్కు స్పిండిలా, వేరే మిషనా

కొత్త స్పిండిల్ చేయించడం పైకి కనిపించేంత సులువు కాదు. మొదట రఫ్‌గా కొట్టి, పొడవునా బోరు పెట్టి, ఒత్తిడి తీసే హీటింగ్ చేసి, గట్టిపోత పోయించి, చివర్లో గ్రైండ్ చెయ్యాలి. ఈ వరస తప్పించి బోరు ముందే ఫినిష్ చేసినా, హీట్ ట్రీట్‌మెంట్ ఎగ్గొట్టినా నెలల్లో వంగుతుంది. రోలర్ మిషన్‌కి ఈఎన్24 చాలు, ఎందుకంటే తిరిగేది బేరింగ్ రింగులు, షాఫ్ట్ కాదు. ముక్కూ, థ్రెడ్లూ మాత్రం కాస్త త్వరగా అరుగుతాయి. బుష్ మీద తిరిగేదానికి పైన గట్టి పొర ఉండే కేస్ హార్డనింగ్ ఉక్కు, 20ఎంఎన్‌సీఆర్5 లాంటిది వాడి 58 నుంచి 60 రాక్‌వెల్ గట్టిదనం అడగాలి. పాత స్పిండిల్‌ని పారెయ్యకండి, పోయిన కొలతలకి అదే నమూనా.

తుక్కు మిషన్ నుంచి అదే మోడల్ స్పిండిల్ దొరికితే కొత్తదానికంటే మంచి బేరం కావచ్చు, ముఖ్యంగా హెచ్‌ఎంటీ మిషన్లకు. మైసూర్ కిర్లోస్కర్ హరిహర్‌లో 1941లో పెట్టిన కంపెనీ, ఇప్పుడు లేదు, కాబట్టి ఆ మిషన్ల సామాను దొరికేది పాత మిషన్ల నుంచే. డయల్, వీ దిమ్మెలు తీసుకుని వెళ్లి వంపు చూసి కొనండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మునిగిన సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మిషన్ అమ్మకానికి వస్తే హెడ్‌స్టాక్ మూత తీయించి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. నీళ్లు నిలిచిన బుష్ జర్నల్ మీద చిన్న చిన్న గుంటలు పడి ఉంటే, అంచులు పైకి లేవకుండా పాలిష్ పట్టిస్తే నడుస్తుంది, ఆ గుంటలు ఆయిల్‌ని కూడా పట్టుకుంటాయి. రోలర్ ట్రాక్ మీద ఒక్క గుంట ఉన్నా బేరింగులన్నీ మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించి అడగండి.

బెడ్ బాగుండి, పని పెరిగి, రోజూ పీ5 నాణ్యత అడిగే ఆర్డర్లు వస్తుంటే మిషన్ మీద ఖర్చు పెట్టండి. బెడ్ పోయి, బుష్ మిషన్ అయి, రోజూ డ్రమ్ములే కొడుతుంటే ఎల్‌జీ2 బుష్ ఒకటి వేసి నడిపించండి, మిగిలిన డబ్బుతో మంచి చక్ కొనుక్కోవచ్చు. బెడ్ పోయి, రోలర్ సీటు కూడా పోయిన మిషన్ దగ్గరే లెక్క కష్టం. నా ఉద్దేశంలో దానికి క్రోమ్ కంటే పాత హెచ్‌ఎంటీ ఒకటి వెతుక్కోవడం మేలు. దాని హెడ్‌స్టాక్ గేర్లూ, టెయిల్‌స్టాకూ విడిగా అమ్మినా కొనేవాళ్లు ఆటోనగర్‌లోనే దొరుకుతారు.